భోగికి ముందే అడగండి: ఊరి గ్రంథాలయానికి పుస్తకాలు సేకరించే పద్ధతి

ఊళ్లో పుస్తకాలు పోగుచేసి లైబ్రరీకి ఇద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పే మాట: వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టకండి. ఇప్పుడే పెట్టకండి. పెట్టారంటే మర్నాటికల్లా మీ వరండాలో పాత ఎంసెట్ గైడ్లు, ఫాక్స్‌ప్రో అనే పాత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ నేర్పే పుస్తకాలు, ఎవరి షష్టిపూర్తికో పంచిన స్తోత్రాల పుస్తకం పది కాపీలూ వచ్చి చేరతాయి. పుస్తకాలు రావడం కష్టమేమీ కాదు. మనవాళ్లు పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు, పారేయడానికి చెయ్యి రాదు. ఎవరో ఒకరు తీసుకుంటామంటే చాలు, హమ్మయ్య అనుకుని తెచ్చిచ్చేస్తారు. అరలోకి ఎక్కదగ్గ పుస్తకాన్ని రాబట్టడమే అసలు పని.

నేను బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషిని. ఉండేది తెనాలి పక్క ఊళ్లో. ఇక్కడ చెప్పేదంతా జిల్లా గ్రంథాలయ సంస్థ కింద నడిచే శాఖా గ్రంథాలయాల గురించే. అపార్ట్‌మెంట్లలో, బళ్లలో పెట్టుకునే లైబ్రరీల లెక్క వేరు, వాటికింత తతంగం ఉండదు.

ముందు లైబ్రేరియన్ గారి భయం అర్థం చేసుకోవాలి

కొత్తగా ఈ పనికి దిగినవాళ్లు ఎక్కువగా నొచ్చుకునేది ఇక్కడే. "పుస్తకాలు ఊరికే ఇస్తామంటే లైబ్రేరియన్ మొహం అలా పెట్టాడేమిటండీ" అంటారు. పెట్టక ఏం చేస్తారు? లైబ్రరీలో యాక్సెషన్ రిజిస్టరని ఒకటుంటుంది. వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు పడుతుంది. పడిన రోజు నుంచీ అది ప్రభుత్వ ఆస్తి. స్టాక్ వెరిఫికేషన్‌కి వచ్చినవాళ్లు ఆ నంబరు పుస్తకం చూపించమంటే చూపించాలి. లేకపోతే జవాబు చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే. మీరిచ్చిన చెదలు పట్టిన పాత గైడును కూడా ఆయన చెదలు పట్టిన గైడుగానే ఏళ్ల తరబడి కాపాడాలి. రిజిస్టర్లోంచి ఒక పుస్తకాన్ని తీసెయ్యడం, ఎక్కించినంత తేలిక కాదు. నాకు బ్యాంకు లెడ్జర్ల అలవాటు ఉండబట్టి ఈ సంగతి వెంటనే తలకెక్కింది.

కాబట్టి మొదటి రోజు ఖాళీ చేతులతో వెళ్లండి. మా శాఖ పొద్దున ఓ మూడు గంటలు, సాయంత్రం ఓ మూడు గంటలు తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. మీ ఊరి వేళలు గోడ మీద రాసే ఉంటాయి. రద్దీ లేని సమయం చూసుకుని కూర్చుని, మూడు సంగతులు అడగండి. జనం అడిగితే లేదని చెప్పాల్సి వస్తున్న పుస్తకాలేమిటి? ఇప్పటికే మితిమీరి ఉన్నవేమిటి? ఖాళీ అర ఎంత ఉంది? రెండో ప్రశ్న మరిచిపోవద్దు. లైబ్రరీలకి పుస్తకాల సాయం చేసేందుకు కేంద్రం 1972లో కలకత్తాలో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ద్వారా, సంస్థ కొనుగోళ్ల ద్వారా కొన్ని రకాల పుస్తకాలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. అవే మళ్లీ మీరూ తెస్తే ఏం లాభం?

మాట కుదిరాక ఒక అర్జీ రాయండి. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి, లైబ్రేరియన్ గారి ద్వారా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సేకరిస్తారు, ఎక్కడ ఏరతారు, ఎంపిక ఎవరు చేస్తారు, మిగిలినవి ఏం చేస్తారు అన్నది ఒక పేజీలో. "ఎంపికలో లైబ్రేరియన్ గారిదే తుది నిర్ణయం" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. నా అనుభవంలో ఆ ఒక్క వాక్యంతోనే ఆయన కుర్చీ మనవైపు తిరుగుతుంది. అర్జీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దాచుకోండి.

"ప్రభుత్వ లైబ్రరీకి మనమెందుకివ్వాలి" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటారు. ఆయనకి వాళ్ల ఇంటిపన్ను రశీదే చూపించండి. గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేదది. అంటే లైబ్రరీ ఖర్చు ఆయన ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు, వెళ్లి వాడుకోవడమే తరువాయి అని చెప్పాలి. ఇలాంటివాళ్లలో కొందరు తర్వాత రోజూ పేపరు చదవడానికి వస్తారు. పుస్తకం ఇస్తారని మాత్రం చెప్పలేను.

ఎప్పుడు అడగాలి

గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి కాబట్టి చాలామంది అప్పుడే సేకరణ పెట్టుకుంటారు. నేను వద్దంటాను. ఆ వారమంతా పిల్లలకి వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలతో లైబ్రరీ వాళ్లకి ఊపిరాడదు. పైగా మా కోస్తాలో అది తుపాన్ల కాలం, తడిసిన అట్టపెట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు. వారోత్సవాల సభలో ప్రకటన చేయండి, కరపత్రం పంచండి, అంతటితో ఆగండి.

సేకరణకి అసలైన అదను ధనుర్మాసం రెండో సగం, అంటే క్రిస్మస్ దాటాక భోగి దాకా. ఇళ్లలో పండక్కి బూజులు దులుపుతారు. అటక మీది ట్రంకుపెట్టెలు కిందికి దిగుతాయి. అందులోంచి బయటపడ్డ పుస్తకాలు భోగిమంటలోకైనా పోవాలి, పాతపేపర్ల వాడి తక్కెట్లోకైనా పోవాలి. ఆ రెంటికీ ముందు మీరు గుమ్మంలో ఉండాలి. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉండే పిల్లలు ఊరికొచ్చేదీ అప్పుడే. "నాన్నగారి పుస్తకాలు ఏం చేద్దామే" అన్న మాట నడిచేదీ అప్పుడే. వాతావరణం పొడి. తెల్లవారుజామున తిరుప్పావైకి వచ్చే ఆడవాళ్లతో గుడిలో ఒక్క మాట చెబితే, మైకు లేకుండానే ఊరంతా పాకుతుంది. చర్చిలో క్రిస్మస్ రోజున, మసీదు దగ్గర శుక్రవారం నమాజు అయ్యాక పెద్దలతోనూ చెప్పించండి.

బడిపుస్తకాల సంగతి వేరు. అవి ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక అడగాలి, జూన్‌కల్లా పిల్లల చేతికి చేరాలి. వాటిని లైబ్రరీ సేకరణలో కలపొద్దు.

ఏవి అడగాలి, ఏవి వద్దనాలి

రీడింగ్ రూములో ఒక సాయంత్రం కూర్చుంటే జాబితా దానంతటదే తయారవుతుంది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలు ఒక వైపు. పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు మరో వైపు. బడి వదిలాక వచ్చే చిన్నపిల్లలు కాసేపు. పరీక్షల పిల్లలకి తెలుగు అకాడమీ పుస్తకాలు ప్రాణం. ఆరు నుంచి ఇంటర్ దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా. మంచి నిఘంటువులు ఎన్ని వచ్చినా చాలవు. చిన్నపిల్లలకి పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకాలు, అవీ తెలుగులో. ఇవి దొరకడం కష్టం, ఎందుకంటే బొమ్మల పుస్తకాన్ని మన పిల్లలు చదివి చదివి చింపేస్తారు. అది పుస్తకానికి మంచి చావే.

పోటీపరీక్షల పుస్తకాలకి మాత్రం కటువుగా ఉండాలి. ఏడాది చూడటంతో సరిపోదు, లోపల తెరిచి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌కి 13 జిల్లాలు అని ఉందా, 2022 ఏప్రిల్‌తో దానికి కాలం చెల్లింది. తెలంగాణలో అయితే 10 జిల్లాలు అని ఉన్నది 2016తో, 31 అని ఉన్నది 2019తో పోయాయి. కామర్సు పుస్తకంలో జీఎస్టీ మాటే లేకపోతే అది 2017 జూలైకి ముందుది. పోలీసు పరీక్షల గైడులో ఐపీసీ సెక్షన్లే ఉండి, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత లేకపోతే 2024 జూలై 1 నాటికే పాతబడింది. పాత కేసులు నడిపే వకీలుగారికి పనికొస్తుందేమో గానీ పరీక్ష రాసే కుర్రాడికి అపకారం చేస్తుంది. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు గ్రామరు ఇలా పాతబడవు, అట్ట బాగుంటే తీసుకోండి.

కథలు, నవలల విషయంలో నా మనసు మెత్తన. మా తరం ఇళ్లలో ఒక రకం పుస్తకాలుండేవి, ఇప్పటివాళ్లు చూసి ఉండరు. వారపత్రికలో వచ్చే సీరియల్ని వారం వారం పిన్ను ఊడదీసి, పేజీలు దాచి, ముగింపు వచ్చాక బైండింగుకి ఇచ్చేవాళ్లు. పైన గళ్ల కాగితం అంటించిన అట్ట, వెన్నుకి ఎర్రటి క్యాలికో గుడ్డ, దాని మీద సున్నం రంగుతో చేత్తో రాసిన పేరు. తెరిస్తే సీరియల్ పేజీకి అటువైపు సబ్బు ప్రకటన, వారఫలాలు, ఎవరి కథదో సగం. మధ్యలో ఒక వారం సంచిక దొరక్క, ఆ భాగాన్ని ఎవరో రూళ్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తిరాసి కుట్టించిన పుస్తకం కూడా నా చేతికొచ్చింది. ఇలాంటివి లైబ్రరీ వాళ్లు వద్దంటారు. ప్రచురణకర్త లేడు, వెల లేదు, రిజిస్టర్లో ఏ గడిలో ఏం రాయాలో తెలీదు. దయచేసి తక్కెట్లో వెయ్యకండి. కొన్ని సీరియళ్లు పుస్తకంగా వచ్చి ఉండకపోవచ్చు. వాటినీ, సోవియట్ రోజుల్లో రాదుగ ప్రచురణాలయం వాళ్లు మాస్కోలో అచ్చేసి పంపిన తెలుగు పుస్తకాలనీ, చందమామ పాత సంచికలనీ ఒక పెట్టెలో విడిగా ఉంచి, శ్రద్ధగా దాచేవాళ్లకి ఇవ్వండి. స్వాతంత్ర్యానికి ముందు నాటి పత్రికలు దొరికితే శాఖా గ్రంథాలయానికి అసలు ఇవ్వొద్దు. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం, రాజమండ్రిలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఇలాంటివి భద్రపరచడానికి పేరుపడ్డవి. ముందు ఫోటోలు పంపి, వాళ్లకి లేవని తేలాకే తీసుకెళ్లండి.

వద్దనవలసినవి: చెదలు పట్టినవి, వానకి తడిసి పేజీలు అంటుకున్నవి, నల్లబూజు మచ్చలున్నవి, ప్రశ్నలకి జవాబులు పెన్నుతో నింపేసినవి, పార్టీల ప్రచార పుస్తకాలు, గవర్నమెంటు రిపోర్టులు, ఇంకో లైబ్రరీ స్టాంపు ఉన్నవి. చివరిది నవ్వులాట కాదు. మామయ్యగారు కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చి నలభై ఏళ్లుగా తిరిగివ్వని పుస్తకం ప్రతి సేకరణలోనూ తగులుతుంది.

ఇప్పుడు పెట్టండి మెసేజ్

మీకు పనికొస్తుందని మేం వాడేది ఇస్తున్నాను, ఊరి పేరు, తేదీలు మార్చుకోండి.

"అందరికీ నమస్కారం. మన ఊరి శాఖా గ్రంథాలయానికి పుస్తకాలు సేకరిస్తున్నాం. తెలుగు అకాడమీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, నిఘంటువులు, తెలుగు కథలు, నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు కావాలి. పాత గైడ్లు, తడిసినవి, చెదలు పట్టినవి వద్దు. ముందు పుస్తకాల అట్టల ఫోటో తీసి పంపండి. ఏవి కావాలో చెప్పాక మేమే ఇంటికొచ్చి తీసుకుంటాం. లైబ్రరీ దగ్గర వదిలి వెళ్లకండి. డబ్బు తీసుకోం."

ఫోటో అడగడం ముఖ్యం. బీరువా ముందు నిలబడి తీసిన ఒక్క ఫోటోలో వెన్నుల మీది పేర్లు చదివేయొచ్చు. ఇంటికొస్తామని చెప్పడం ఇంకా ముఖ్యం. వెళ్లి కూర్చుంటే, ఇవ్వాలనుకున్నవి కాక "ఇవి కూడా చూడమ్మా" అంటూ లోపలి గదిలోంచి అసలైన పుస్తకాలు తెస్తారు. కరపత్రంలో మాత్రం ఒక వాక్యం ఎక్కువ వేయించాను: 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారి పూనికతో మన వైపు కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిచిందని. పెద్దవాళ్లు అది చదివి, మా నాన్న చెప్పేవాడమ్మా అంటూ లేచి బీరువా తాళం తీశారు.

డబ్బు విషయంలో మొండిగా ఉండండి. "ఓ వెయ్యి రాసుకోండక్కా" అంటారు ప్రేమగా. వద్దు. జాబితా ఇచ్చి, విజయవాడ వెళ్లినప్పుడు కొనుక్కురమ్మనండి. నలుగురి డబ్బు ముట్టుకున్న రోజునుంచీ ఊళ్లో మీ గురించి మాట్లాడుకునే మాటలు మారతాయి.

పెట్టెలు, ఏరడం, చీటీలు

బరువు గురించి ఎవరూ ముందు ఆలోచించరు. టీవీ పెట్టెలో పుస్తకాలు నింపితే ఇద్దరు కూడా ఎత్తలేరు, అడుగు ఊడుతుంది. పుస్తకాలకి సరిపోయే పెట్టె ఏదంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, బ్రాందీ షాపు పెట్టె. సీసాలు మోసే అట్ట కదా, మందంగా ఉంటుంది, నిండా నింపినా ఒక మనిషి ఎత్తగలడు. మా తోటికోడలి కొడుకుని పంపి తెప్పిస్తాను. అంటించిన అంచు విప్పి లోపలివైపు బయటికి తిప్పి మళ్లీ అంటిస్తే పేరు కనపడదు.

ఇల్లు దాటకముందే, ఇచ్చేవాళ్ల ఎదురుగానే, ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తలకిందులుగా ఒకసారి దులపండి. ఉత్తరాలు, ఫోటోలు, ఎండిన రావి ఆకులు, పిల్లలు పెడుతుందని దాచిన నెమలి ఈకలు రాలతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదు కూడా రాలింది ఒకరింట్లో. నేను బ్యాంకు మనిషిని కాబట్టి ఏం చేయాలో చెప్పగలిగాను, వాళ్లు దాని సంగతే మర్చిపోయారు. మీ ఇంటికొచ్చాక దొరికితే తిరిగిచ్చినా మిగతావేమయ్యాయో అన్న అనుమానం ఉండిపోతుంది.

తెచ్చినవాటిని నేరుగా లైబ్రరీకి చేర్చకూడదు. పాత పుస్తకంలో రామబాణం పురుగో, చెదపురుగో ఒక్కటుంటే చాలు, అరలో ఉన్నవాటికీ పడుతుంది. రెండు వారాలు విడిగదిలో, నేలకి ఎత్తుగా బల్ల మీద ఉంచండి. గాలి తగిలే నీడలో పేజీలు విప్పి నిలబెట్టాలి. మండుటెండలో పెడితే బంక ఎండి పేజీలు ఊడతాయి. మెత్తటి పెయింటు బ్రష్షుతో వెన్ను మూలలు, అట్ట మడతలు దులపండి, పురుగు గుడ్లు అక్కడే ఉంటాయి. అనుమానంగా ఉన్నదాన్ని పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి వేరుగా పెట్టి, కొన్నాళ్లయ్యాక అడుగున పొడి రాలిందేమో చూడండి. రాలితే వద్దు. కలరా ఉండలు వేస్తే వాసన పుస్తకానికి పట్టి చదివేవాళ్లకి తలనొప్పి తప్ప, లోపలున్న పురుగు పోతుందని నమ్మకం లేదు.

ఆ తర్వాత జాబితా. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, సంవత్సరం, పేజీలు, వెల, ఇచ్చినవారు. వెల గడి ఖాళీగా వదలొద్దు. దానంగా వచ్చినా రిజిస్టర్లో విలువ వేయాలి కాబట్టి, అట్ట మీద 6 రూపాయలు అని ఉంటే ఆరే రాయండి. డిగ్రీ చదివే ఆడపిల్లలిద్దరు ఫోన్లో ఎక్సెల్ తెరిచి కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. తెలుగు సాహిత్యాన్నీ మిగతావాటినీ వేర్వేరు కట్టలుగా కట్టిస్తే లైబ్రేరియన్ గారికి వర్గీకరణ సులువు. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 కిందికి వస్తుంది. ఆ నంబర్లు మీరు వెయ్యకండి, పుస్తకం మీద పెన్సిల్ కూడా పెట్టకండి. స్టాంపు వేయడం, లోపల ఒక రహస్య పేజీ (లైబ్రరీ వాళ్లు గుర్తు కోసం ముందే అనుకున్న పేజీ) మీద కూడా వేయడం, నంబరు, తేదీ చీటీ అంటించడం, అన్నీ వాళ్ల పనే. వాళ్లకి చెయ్యి సాయం కావాలంటే బంక, కత్తెర పట్టుకెళ్లి కూర్చోండి, చాలు.

ఇక పేర్ల గోల. తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చే కొడుకు పేరు కనిపించాలనుకోవడంలో తప్పులేదు. కానీ గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాయించినట్టు ప్రతి అట్ట మీదా రాయిస్తామంటే ఒప్పుకోకండి. అట్ట లోపలివైపు, చిన్న చీటీ, ఒకే సైజు, అందరికీ ఒకేలా. అంతకన్నా పెద్దగా కావాలంటే ఒక స్టీలు బీరువా కొనిమ్మనండి, తలుపు మీద ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాయించుకోవచ్చు. మా ఊరి రైస్ మిల్లాయన అలాగే ఇచ్చారు. నిజానికి లైబ్రరీకి పుస్తకాల కన్నా ముందు కావలసింది అదే.

మిగిలినవి

వడబోత అయ్యాక మీ వరండాలో ఒక గుట్ట మిగులుతుంది. దీని గురించి ముందే రాయించుకోకపోతే గొడవ. పుస్తకం తీసుకునేటప్పుడే ఒక చీటీ మీద "లైబ్రరీకి పనికిరానివి వేరొకచోట ఇవ్వవచ్చు / తూకానికి వేయవచ్చు / నాకు తిరిగి ఇవ్వాలి" అని మూడు గడులు పెట్టి టిక్కు పెట్టించండి. ఎంతోమంది రెండో గడికి టిక్కు పెట్టడానికి మొహమాటపడతారు. అయినా అడగాల్సిందే. లేకపోతే వాళ్ల నాన్నగారి సంతకం ఉన్న పుస్తకం ఏ ఆదివారమో హైదరాబాదు అబిడ్స్‌లో పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీద వాళ్ల బంధువులకే కనపడుతుంది, ఫోటో మీ ఫోనుకొస్తుంది. తూకానికి వేసేవాటిలో పేరున్న మొదటి పేజీ తీసి ఇచ్చేయండి. పాత కథల పుస్తకాలు వృద్ధాశ్రమంలో తీసుకుంటారు, అక్షరాలు మరీ సన్నంగా లేకపోతే. ఖాళీ పేజీలున్న నోటుపుస్తకాలు అంగన్‌వాడీకి.

తూకం డబ్బుతో బంక, చీటీల కాగితం కొని రశీదు జాబితాకి గుచ్చండి. ఏ పుస్తకానికి ఏ యాక్సెషన్ నంబరు పడిందో లైబ్రేరియన్ గారి దగ్గర రాసుకుని, ఇచ్చిన ప్రతివాళ్లకీ వాళ్ల వరుస మాత్రం ఫోటో తీసి పంపండి. ఇది ఉగాదిలోపు అయిపోవాలి. లేటయితే వాళ్లే ఫోను చేసి "మా పుస్తకాలు పెట్టారా అమ్మా" అని అడుగుతారు. ఎవరైనా స్టీలు బీరువా ఇచ్చి ఉంటే దాని రెండు తాళంచెవులూ లైబ్రేరియన్ గారికే ఇచ్చి, అందినట్టు అర్జీ కాపీ వెనకే సంతకం తీసుకోండి.